తడిటోపీ దొర

దుప్పటి కమురు వాసన వచ్చేదాకా ఐసొలీన్‌కు తన చెయ్యి ఆగిపోయిన సంగతి తెలియలేదు. గబుక్కున ఇస్త్రీ పెట్టె ఎత్తింది. తెల్లటి దుప్పటి నడుమ పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. గవర్నరు బంగళాలో ఇస్త్రీ పనికి కుదిరాక ఆమె చేతిలో ఒక్క గుడ్డా కాలలేదు.

"కాల్చావా?" అంది యూనిస్ వంటగది గుమ్మంలోంచి. ఆమె చేతులకు మోచేతుల దాకా పిండి. మనిషి గుండ్రంగా ఉంటుందని దీవి అంతా ఆమెను గుమ్మడి అంటుంది. సెయింట్ హెలీనాలో మారుపేరు లేని మనిషి ఉండడు.

"కాల్చానక్కా."

"పోనీలే. దొరసాని చూడకముందే లోపలి మడతలో పెట్టెయ్. ఇంటికి పొమ్మంటే వినవు కదా నువ్వు."

"ఇంటికెళ్లి ఏం చెయ్యను? ఆస్పత్రిలో లోపలికి రానివ్వరు. సాయంత్రం కిటికీలోంచి చూపిస్తామన్నారు. అప్పటిదాకా చేతులకు పనుంటే నయం."

యూనిస్ వంటగదిలోకి వెళ్లింది. పొయ్యిలోని నిప్పులు పట్టకారతో తెచ్చి, ఇస్త్రీ పెట్టె మూత తీసి, చల్లారిన బొగ్గుల మీద వేసింది. అది ఆమె పని కాదు.

ఐసొలీన్ కూతురు మెర్ల్‌కు కంఠసర్పి. ఆరేళ్ల పిల్ల. గొంతు లోపల తెల్లటి పొర కమ్ముకొస్తోందని, ముందు జబ్బుపడిన పిల్లలకు వాడగా మందు అయిపోయిందని డాక్టరు ఆ పొద్దున నెమ్మదిగా చెప్పాడు. మందు తెచ్చే ఓడ ఇంకా కేప్‌టౌన్ నుంచి బయలుదేరనే లేదు. మెర్ల్ పక్క మంచాల మీద ఇంకో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ల తల్లులు కూడా ఇలాగే ఎక్కడో ఏదో పని పట్టుకుని ఉంటారు.

వసారాలో బూట్ల చప్పుడైంది. గుమ్మం పొట్టిది. తల వంచి లోపలికి వచ్చినాయన గవర్నరు. ఒకప్పుడు విమానాల దళం నడిపిన ఎయిర్ వైస్ మార్షల్ సర్ ఆబ్రీ థాక్‌వెల్ ఈ గదిలో అడుగుపెట్టడం ఐసొలీన్ ఎన్నడూ చూడలేదు. రాణిగారి పుట్టినరోజు కవాతు దగ్గరపడుతోందని ఐసొలీన్ బయటికి తీసిన ఆయన ఈకల టోపీ కిటికీ పక్కన చెక్క దిమ్మ మీద ఉంది. ఆయన కళ్లు దానిమీద పడి, వెంటనే పక్కకు తిరిగాయి.

"ఐసొలీన్, ఇంట్లో తెల్ల దుప్పట్లు ఏమాత్రం ఉన్నాయి?"

"బీరువా నిండా ఉన్నాయి దొరగారూ. ఏ గదికి కావాలి?"

"గదికి కాదు. డెడ్‌వుడ్ మైదానానికి."

యూనిస్ పిండిచేత్తోనే నోరు మూసుకుంది.

"అసెన్షన్ దీవికి తంతి కొట్టాను. అక్కడ విమానాలు దిగే దారి ఉంది. రేపు పొద్దున ఒక విమానం మందు తీసుకుని బయలుదేరుతుంది. ఇక్కడ దిగడానికి దానికి చోటు లేదు. అందుకని పైనుంచి పడేస్తారు."

"పైనుంచా?" అంది ఐసొలీన్. "మందు సీసాలు కదా దొరగారూ. పగిలిపోవా?"

ఆయన ఇస్త్రీ బల్ల మీంచి ఒక చేతిరుమాలు తీసుకున్నాడు. అప్పుడే మడతపెట్టిన రుమాలు. దాన్ని విప్పి, ఆమె దారపుండ నుంచి ముక్కలు తెంపి, నాలుగు మూలలకూ కట్టి, ఆ దారాల చివర తన అగ్గిపెట్టె ముడివేశాడు. పొడుగాటి మనిషి చెయ్యి పైకెత్తితే దూలానికి తగిలింది. అక్కణ్ణించి వదిలాడు. రుమాలు గుప్పున ఉబ్బి, మెల్లగా ఊగుతూ వచ్చి బల్ల మీద వాలింది. అగ్గిపెట్టె చప్పుడైనా చెయ్యలేదు.

"యుద్ధంలో బర్మా అడవుల్లో మావాళ్లకు బియ్యం, మందులు, కంచర గాడిదల దాణా కూడా ఇలాగే పడేశాం. ఆ దళం నా చేతికిందే ఉండేది. కానీ ఎప్పుడూ పైనుంచి చూశాను. కింద నిలబడి చూడటం ఇదే మొదలు." కాస్త ఆగి అడిగాడు. "మీ పాప పేరేమిటి?"

"మెర్ల్ అండి."

"మెర్ల్," అన్నాడు ఆయన, గుర్తుపెట్టుకోవడానికన్నట్టు. "రేపు నువ్వూ మైదానానికి రా. పైవాళ్లకు గుర్తుగా, గాలికి ఎగరకుండా దుప్పట్లు పరవాలి. నాకు మనుషులు కావాలి."

ఆయన వెళ్లాక యూనిస్ కుర్చీలో కూలబడింది. "రెక్కలున్నవాణ్ణి తెచ్చి చేపల మధ్య కూర్చోబెట్టారని నవ్వుకున్నాం కదే. తడిటోపీ దొర పనికొచ్చేటట్టే ఉన్నాడు!"

ఆ మారుపేరు వినబడినప్పుడల్లా ఐసొలీన్ తల వంచుకుని పని చేసుకుంటుంది. ఇప్పుడూ అంతే. దిమ్మ మీది టోపీని గుడ్డతో కప్పింది. గవర్నరు దీవికి వచ్చిన రోజే ఆ టోపీతో సహా రేవు మెట్ల దగ్గర సముద్రంలో పడ్డాడు. ఉప్పునీళ్లలో నానిన హంస ఈకలను సబ్బు నురగలో కడిగి, కెటిల్ ఆవిరి మీద ఒక్కొక్కటిగా తిప్పి, మళ్లీ పొంగేలా చేసింది ఆమె చేతులే. ఆ రోజే ఆమె తండ్రి హెన్సిల్ స్కిపియో సర్కారు పడవ సరంగు పని పోగొట్టుకున్నాడు.

సాయంత్రం ఐసొలీన్ కొండ కింది రేవు ఊరు జేమ్స్‌టౌన్‌కు దిగింది. ఆస్పత్రి వెనక కిటికీ దగ్గర నర్సు కొరల్ మెర్ల్‌ను దుప్పటిలో చుట్టి ఎత్తి చూపించింది. పిల్ల మెడ ఉబ్బి చెంపలతో కలిసిపోయింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. ఐసొలీన్ అద్దానికి అరచెయ్యి ఆనించింది. మెర్ల్ తన చెయ్యి ఎత్తబోయి సగంలోనే దించేసింది. ఊపిరికీ చేతికీ కలిపి చాలేంత బలం పిల్లలో లేదు.

"రేపటిదాకా చూసుకుంటానే," అంది కొరల్ అద్దం అవతలనుంచి, పెదాలు స్పష్టంగా కదుపుతూ. రేపటి తర్వాత ఏమిటో ఆమె చెప్పలేదు.

తండ్రి రేవు గోడ పక్కన తన చిన్న చేపల పడవ మీద కూర్చుని గాలపు తాడు చిక్కులు తీస్తున్నాడు. ఆమె తెచ్చిన చేప వడలు అందుకుని పక్కన పెట్టుకున్నాడు.

"చూశావా?"

"చూశాను నాన్నా. చెయ్యి ఎత్తలేకపోయింది."

హెన్సిల్ తాడులో ఇంకో చిక్కు వెతికాడు.

"మీ దొర విమానం తెప్పిస్తున్నాడంటగా."

"నీ మనవరాలి కోసమే."

"తెలుసు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి." తలెత్తకుండానే అన్నాడు. "నేను మాత్రం కొండెక్కను."

"దీవి దీవంతా వస్తోంది నాన్నా. విమానం ఎలా ఉంటుందో ఇక్కడ చూసినవాళ్లే లేరాయె. కొత్త సరంగు డడ్లీ, సర్కారు పడవ వాళ్లందరూ తెల్లారుజామునే బయలుదేరతారంట."

"పోనీ. రేవు కాడ ఒకడుండాలి."

"ఓడ లేదు, ఏం లేదు. ఎవర్ని కాస్తావు?"

"సముద్రాన్ని."

"నాన్నా, ఆ రోజు తొందరపడి పిలిచింది నేనేనని నీ నోటితో నువ్వే చెప్పావు. మరి ఇప్పుడు ఆయన మీద కోపమెందుకు?"

ఈ రేవులో పడవ దిగడానికి ఒకటే పద్ధతి. పై కమ్మీ నుంచి తాళ్లు వేలాడుతుంటాయి. అల పడవను మెట్టు ఎత్తుకు లేపిన క్షణాన సరంగు 'ఇప్పుడు' అంటాడు. రెండు చేతులా తాడు పట్టుకుని మెట్టు మీదికి అడుగు వెయ్యాలి. దొరైనా, మేకైనా సరంగు పిలుపు కోసం ఆగాల్సిందే.

హెన్సిల్ తాడు కింద పెట్టాడు. "చెప్పానమ్మా. ఇంకా పదవీ ప్రమాణమైనా చెయ్యలేదు ఆయన. తెల్ల బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. బ్యాండు వాళ్లు వాయించాలో మానాలో తెలీక నిలబడ్డారు. జనం నవ్వుతున్నారు. ఎవడో ఒకడు తప్పు నెత్తిన వేసుకోవాలి, వేసుకున్నాను. ఆ పూట ఆయన నోరు పెగల్లేదు, సరే. మర్నాడు? ఆ పై వారం?" ముడి ఒకటి పళ్లతో లాగాడు. "పని పోయినందుకు కాదు నా ఏడుపు. చేపలు పట్టుకుని బతకలేనా? నా పడవ దిగినవాళ్లలో ఒక్కడూ తడవలేదే నా జన్మలో. ఇప్పుడు ఆ మెట్ల దగ్గర పిల్లలు ఒకర్నొకరు నీళ్లలోకి తోసుకుంటూ ఏమంటున్నారో తెలుసా? 'హెన్సిల్ తాత పిలిచాడు, దూకరా' అంటున్నారు."

ఐసొలీన్ తన చేతులు చూసుకుంది. గవర్నరు చొక్కాలు ఉతికే చేతులు ఇవే. రేపు ఆయన కోసం దుప్పట్లు పరవబోయే చేతులూ ఇవే. తండ్రి పక్కన కూర్చుని తాడు రెండో కొస అందుకుని చిక్కులు తీయడం మొదలుపెట్టింది.

డెడ్‌వుడ్ మైదానం మీద గాలి ఎప్పుడూ ఒక పక్కకే వీస్తుంది. అక్కడి చెట్లు కూడా ఆ పక్కకే వంగి పెరుగుతాయి. పొద్దెక్కేసరికి లారీల మీద, గాడిదల మీద, నడిచీ జనం చేరారు. నారమిల్లుల వాళ్లు, తంతి ఆఫీసు వాళ్లు, బడి పిల్లలు, చంకల్లో పసివాళ్లతో ఆడవాళ్లు, చర్చి బట్టల్లో ముసలివాళ్లు. యూనిస్ ఒక తట్టనిండా టమాటా ముద్ద పెట్టిన రొట్టెలు తెచ్చి పంచుతోంది.

గవర్నరు కోటు తీసేసి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయనా ఐసొలీన్ దుప్పటికి చెరో కొస పట్టుకుని దులిపి, గాలి కిందికి దూరకముందే నేలకు అదిమారు. అంచులనిండా రాళ్లు పెట్టారు. ఒకదాని పక్కన ఒకటి పరిచాక మైదానం మధ్యలో పెద్ద తెల్ల గుర్తు తయారైంది. కాలిన మచ్చ ఉన్న దుప్పటి కూడా అందులో ఉంది. దాన్ని విప్పినప్పుడు ఆయన మచ్చ వంక చూశాడు.

"నిన్న కాలింది దొరగారూ. నావల్లే."

"పైనుంచి కనపడదులే," అన్నాడు ఆయన. రాయి ఒకటి తెచ్చి సరిగ్గా దానిమీద పెట్టాడు.

మంట పెట్టించి అందులో నారమొక్కల పచ్చి ఆకులు వెయ్యమన్నాడు, పొగనుబట్టి పైవాళ్లకు గాలి తెలుస్తుందని. తర్వాత చేసేదేమీ లేకపోయింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఉత్తరం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకోవడం వెనకున్న ఐసొలీన్‌కు కనిపించింది. ఇన్నాళ్లలో ఆ మనిషికి భయం వేయగలదని ఆమెకు తోచలేదు.

ముందు చప్పుడు వచ్చింది. తర్వాత మబ్బులోంచి విమానం ఊడిపడినట్టు బయటికొచ్చింది. గాడిదలు కట్లు తెంపుకుని పరుగెత్తాయి. ముసలమ్మ ఒకతె మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన అందుకుంది. "అబ్బో, ఇదేం చేప బాబూ!" అని ఎవరో అరిచారు. నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి.

"మందు సగం సగం చేసి రెండు మూటలు కట్టమన్నాను," అన్నాడు గవర్నరు, ఆమెకో తనకో చెప్పుకుంటున్నట్టు. "మొత్తం ఒకదాంట్లోనే పెట్టకూడదు."

విమానం ఒకసారి చుట్టు తిరిగి, కిందికి దిగి, తెల్ల గుర్తు మీదుగా వచ్చింది. మొదటి మూట జారింది. దానికి కట్టిన గుడ్డ గొడుగు తెరుచుకోలేదు. తాళ్లు పెనవేసుకుని గుడ్డ కొరడాలా కొట్టుకుంటూ వచ్చింది. దుప్పట్లకు కాస్త అవతల నేలకు తగిలిన చప్పుడు అందరి కాళ్లలోకీ పాకింది. మందు తీసుకెళ్లడానికి వచ్చిన నర్సు కొరల్ పరుగెత్తి వెళ్లి మూట కోసింది. తడిసిన గడ్డి, గాజు పెంకులు. ఆమె అరచేతిలో పెంకులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.



రెండో చుట్టులో రెండో మూట జారింది. ఈసారి గొడుగు గుప్పున విచ్చుకుంది, నిన్న ఇస్త్రీ గదిలో రుమాలు విచ్చుకున్నట్టే. ఐసొలీన్ నోటి నుంచి ఏడుపులాంటి కేక ఒకటి వచ్చింది. మూట మెల్లగా, ముద్దుగా దిగుతోంది. అంతలో గాలి ఒక్క ఊపు ఊపింది. మంట మీది పొగ నేలకు పడుకుంది. గొడుగు పక్కకు వాలి, జనం తలల మీదుగా, దుప్పట్ల మీదుగా, మైదానం అంచు దాటి, రూపర్ట్స్ లోయ మీదుగా సముద్రం వైపు వెళ్లిపోయింది.

జనమంతా అంచు దాకా పరుగెత్తారు. లోయ చివర నీళ్ల మీద తెల్లటి చుక్క.

"పడవ!" అని అరిచాడు గవర్నరు. "సర్కారు పడవ వాళ్లెక్కడ?"

"ఇక్కడే ఉన్నాం దొరగారూ," అన్నాడు డడ్లీ. చేతిలో సగం తిన్న రొట్టె. అతని వెనకే తెడ్డు పట్టగల మగాళ్లందరూ ఉన్నారు. రేవు నుంచి అంత ఎత్తున, కొండ మీద. డడ్లీ చేతిలోని రొట్టెను చూసుకుని ఏడ్చేశాడు.

అప్పుడే ఐసొలీన్‌కు ఇంకో చుక్క కనిపించింది. తెల్లది కాదు, నల్లది. జేమ్స్‌టౌన్ వైపునుంచి కొండ మూల తిరిగి వస్తోంది. తెడ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఎడమ తెడ్డు కుడిదానికంటే ఒక పిసరు ఆలస్యంగా పడుతోంది. ఆ భుజానికి ఎప్పుడో దెబ్బ తగిలింది. దీవిలో అలా తెడ్డు వేసేవాడు ఒక్కడే.

"మా నాన్న," అంది. ఎవరికీ వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అంది. "దొరగారూ, అది మా నాన్న!"

గవర్నరు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఒక్క క్షణం ఎక్కువే నిలిచింది. "కారెక్కు," అన్నాడు. "కొరల్, నువ్వు కూడా."

రూపర్ట్స్ ఒడ్డున ఆ రోజు అలలు పడవను రాళ్లకేసి కొట్టేలా ఉన్నాయి. మూట దొరికినా హెన్సిల్ జేమ్స్‌టౌన్ మెట్లకే రావాలి. కారు వంకర దారిలో దిగింది. ఒక మలుపులో గవర్నరు, "మీ నాన్న కొండ మీదికి ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

ఐసొలీన్ అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు.

"మీరు అక్కడ ఉంటారని, దొరగారూ."

ఆయన తల ఊపి కిటికీలోంచి బయటికి చూశాడు.

రేవు ఖాళీగా ఉంది. అలలు మెట్లను మింగి మళ్లీ కక్కుతున్నాయి. హెన్సిల్ పడవ వస్తోంది. పడవలో తడిసిన తెల్లగుడ్డ కుప్ప, దానిమీద గోనె చుట్టిన మూట. ఒక్కడే మనిషి. పడవను రాయికి కొట్టుకోకుండా ఆపాలంటే రెండు చేతులూ తెడ్ల మీదే ఉండాలి. మూట అందించాలంటే తెడ్డు వదలాలి. డ్రైవరు మెట్ల పైనే నిలబడిపోయాడు. అతనికి ఈత రాదు.

గవర్నరు కిందికి దిగాడు. పాచిపట్టిన మెట్ల మీద బూట్లు జారుతున్నాయి. చివరి మెట్టు మీద నిలబడి ఎడమచేత్తో తాడు పట్టుకున్నాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి పోయాయి. గాలి ఒక్కసారి కొట్టింది. నెత్తిమీది మామూలు టోపీ ఎగిరి ఆయన ముఖం ముందునుంచే పోయింది. చెయ్యి చాపితే అందేది. ఆయన చాపలేదు.

"ఆగండి!" హెన్సిల్ అరిచాడు. పడవ లేచింది, ఇంకా మెట్టు ఎత్తుకు రాలేదు. దిగింది. మళ్లీ లేచింది. "ఆగండి... ఆగండి..." గవర్నరు కుడిచెయ్యి చాచి, ఒళ్లంతా బిగబట్టి, కళ్లు సరంగు నోటిమీదే పెట్టి నిలబడ్డాడు. పెద్ద అల ఒకటి కిందినుంచి వచ్చి పడవను అరచేతిలో పెట్టుకున్నట్టు ఎత్తింది.

"ఇప్పుడు!"

హెన్సిల్ తెడ్లు వదిలి మూట విసిరినంత పని చేశాడు. గవర్నరు దాన్ని గుండెకు హత్తుకున్నాడు. అల ఆయన నడుము దాకా ముంచి వెళ్లింది. తాడు వదల్లేదు.

కొరల్ మూట తెరిచి సీసాలు తడిమింది. "అన్నీ బాగున్నాయి! అన్నీ!" అని కారు వైపు పరుగెత్తింది. ఐసొలీన్ ఆమె వెనకే నాలుగడుగులు వేసింది.

"నువ్వొచ్చి ఏం చేస్తావే, లోపలికి రానివ్వరు!" అని కొరల్ వెనక్కి తిరిగి అరిచింది. "మీ నాన్నను పైకి లాక్కో!"

అప్పటికి లారీలు దిగుతున్నాయి. డడ్లీ వాళ్లు దూకి వచ్చి పడవను పట్టుకున్నారు. హెన్సిల్ మెట్టు మీదికి అడుగు వేయబోతే ముందుకు వచ్చిన చెయ్యి గవర్నరుది. హెన్సిల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. పైకి వచ్చాక వదిలించుకోబోయాడు. గవర్నరు వదల్లేదు. జనం మెట్లదాకా నిండేవరకూ అలాగే నిలబడ్డాడు. బట్టతల తడిసి మెరుస్తోంది.

"నేను వచ్చిన రోజు ఇక్కడున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు," అన్నాడు. కవాతులో మాట్లాడే గొంతు కాదది. అయినా అందరికీ వినిపించింది. "ఆ రోజు హెన్సిల్‌గారు సరిగ్గానే పిలవబోయారు. పిలుపు కోసం నేను ఆగలేదు. విమానం నడిపినవాణ్ణి కదా, నా కన్నే గొప్పదనుకున్నాను. తాడు మీద ఉండాల్సిన చెయ్యి టోపీ మీద పెట్టాను. ఆ తప్పు ఆయన తనమీద వేసుకుంటే నేను నోరు మూసుకుని ఊరుకున్నాను."

అల ఒకటి వచ్చి పోయింది.

"పడవవాళ్లకు ఆ సంగతి తెలుసు దొరగారూ," అన్నాడు హెన్సిల్. "మిగతావాళ్లకే మీరు చెప్పాల్సి వచ్చింది."

"ఆలస్యం చేశాను."

"చేశారు." హెన్సిల్ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తడిసిన ప్యాంటు, బోసి తల, గుండె మీద గోనె నారలు. "ఇవాళ మాత్రం పిలిచేదాకా ఆగారు."

"తడిటోపీకి ఉన్న టోపీ కూడా పోయింది!" అని వెనకనుంచి యూనిస్ గొంతు వినబడింది. అని, నాలిక కరుచుకుంది. గవర్నరు ఆ వైపు తిరిగాడు.

"ఆ పేరు నాకు ఎప్పటినుంచో తెలుసమ్మా," అన్నాడు. రేవంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో హెన్సిల్ కూడా ఉన్నాడు.

నవ్వు తగ్గాక గవర్నరు అన్నాడు. "రేపటినుంచి సర్కారు పడవ మళ్లీ మీదే."

"వద్దు దొరగారూ. డడ్లీ బాగానే నడుపుతున్నాడు. వాణ్ణి దింపితే నాకు జరిగిందే వాడికీ జరిగినట్టు. నాకు ఒక్కటి చాలు. మీరు దీవి వదిలి వెళ్లే రోజు పిలుపు నాది కావాలి."

"మాటిస్తున్నాను," అన్నాడు గవర్నరు.

హెన్సిల్ గోనె మీదినుంచి కోసిన తాడుముక్క ఒకటి జేబులోంచి తీసి కూతురి చేతిలో పెట్టాడు. ముడి ఇంకా విడిపోలేదు. "చూడు. ఇది మన రేవు ముడి. అసెన్షన్‌లో దీన్ని కట్టినవాడు నీ మొగుడే అయి ఉంటాడు. నేనే నేర్పాను వాడికి. గట్టిగానే కట్టాడు, వెధవ."

అసెన్షన్‌లో కూలిపనికి వెళ్లిన భర్త క్లేటన్ చేతులు గుర్తుకొచ్చాయి ఐసొలీన్‌కు. ముడిని గుప్పిట్లో బిగించుకుంది. రేవు మెట్ల మీద, అందరి మధ్యా, నిన్నటినుంచి పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు వచ్చింది.

మూడోనాడు సాయంత్రం మెర్ల్ కిటికీ దగ్గర తనంతట తానే కూర్చుంది. అద్దానికి ముక్కు ఆనించి, "చేప వడలు తెచ్చావా?" అని అడిగింది. అవతలనుంచి వినపడదు. పెదాలను బట్టి తెలిసింది. ఐసొలీన్ తల ఊపింది. మిగతా ఇద్దరు పిల్లలు వెనక మంచాల మీద దిండ్లతో కొట్టుకుంటున్నారు. కొరల్ వాళ్లను తిడుతోంది. ఆ తిట్లు చూడటానికే హాయిగా ఉన్నాయి.

మర్నాడు ఇస్త్రీ గదిలో ఐసొలీన్ దుప్పట్ల కుప్ప ముందు కూర్చుంది. నానబెట్టి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసినా గడ్డి మరకలు పోలేదు. గవర్నరు మోకాళ్లు ఆనిన చోట రెండు పచ్చటి గుండ్రాలు అలాగే ఉన్నాయి. పారేసి కొత్తవి తెప్పిద్దామంది దొరసాని. ఐసొలీన్ తల అడ్డంగా ఊపింది. గంజి పెట్టి, నీళ్లు చిలకరించి, మరక మీదికి వచ్చినప్పుడు పెట్టెను ఇంకాస్త నెమ్మదిగా నడిపింది.

ఆయనకు చెప్పాలనుకున్న మాటలు వచ్చే దారిలో వరసగా పేర్చుకుంది. బంగళా చేరేసరికి అవి చాలా పెద్దవిగా, చర్చిలో చదివేవాటిలా అనిపించాయి.

బూట్ల చప్పుడైంది. గవర్నరు తల వంచి లోపలికి వచ్చాడు. దిమ్మ దగ్గరికి వెళ్లి, కప్పిన గుడ్డ తీసి, ఈకల టోపీని చేతిలోకి తీసుకున్నాడు.

"పాప ఎలా ఉంది?"

"చేప వడలు అడిగింది దొరగారూ." పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "దొరగారూ, మీరు..."

"నేను తంతి కొట్టాను. రాళ్లు మోశాను. అంతేగా," అన్నాడు ఆయన. టోపీని తిప్పి లోపలి పక్క చూపించాడు. "నాకు ఒక పని చేసిపెట్టాలి నువ్వు. దీనికి గడ్డం కింద కట్టుకునే పట్టీ ఒకటి కుట్టు. ఈ వేషానికి అలాంటిది ఉండకూడదంటారు. అననీ. వెళ్లే రోజు మీ నాన్న పిలిచేటప్పుడు నాకు రెండు చేతులూ కావాలి."

"అలాగేనండి," అంది.

ఆయన వెళ్లాక ఆమె బల్ల కింద దాచిన తెల్లగుడ్డ ముక్క బయటికి తీసింది. సముద్రంలో తడిసి వచ్చిన గొడుగు గుడ్డ. పట్టులా జారుతోంది. రెండు వేళ్ల వెడల్పున కోసి, అంచులు మడిచి, లోపల క్లేటన్ ముడివేసిన తాడులోంచి విప్పిన నార ఒకటి పెట్టి కుట్టింది. చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా. ఈకలకు సూది తగలకుండా టోపీని ఒళ్లో బోర్లించుకుని, ఒక్కో కొసనూ మూడుసార్లు వెనక్కి తిప్పి బిగించింది.

"ఏంటే అది?" యూనిస్ గుమ్మంలోంచి తొంగి చూసింది. "దొరవేషం పాడుచేస్తున్నావా?"

"ఇంక తడవదక్కా," అంది ఐసొలీన్.

దారం పళ్లతో తెంపింది. టోపీని తన నెత్తిన పెట్టుకుని, పట్టీ గడ్డం కింద కట్టుకుని, తల గట్టిగా అటూ ఇటూ ఊపి చూసింది. ఈకలు కళ్లమీద పడ్డాయి. టోపీ కదల్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో ఉన్నాయి.